నార్వే తీరం వెంట 12 రోజుల ఓడ ప్రయాణం: నా అనుభవం

నార్వే పడమటి ఒడ్డున బెర్గెన్‌లో ఓడెక్కి, రష్యా సరిహద్దు పక్కనున్న కిర్కెనెస్ దాకా పోయి, మళ్లీ బెర్గెన్‌లో దిగడానికి 12 రోజులు, 11 రాత్రులు పడుతుంది. దారిలో 34 రేవులు. రానూపోనూ దాదాపు 2,500 నాటికల్ మైళ్లు, అంటే 4,600 కిలోమీటర్ల పైచిలుకు. మేం మార్చిలో వెళ్లాం. హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లకు పనికొచ్చేలా, బుకింగ్ దగ్గర్నుంచి తిరిగి దిగేదాకా ఎక్కడేం చేయాలో, ఎక్కడ తేడా వస్తుందో రాస్తున్నాను.

ఈ ఓడ సంగతి ముందు తెలియాలి. 1893 జులై 2న కెప్టెన్ రిచర్డ్ విత్ 'వెస్టెరాలెన్' అనే ఆవిరి ఓడను ట్రోండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కు నడిపాడు. అప్పటిదాకా ఆ రెండు ఊళ్ల మధ్య ఒక జాబు చేరడానికి ఎండాకాలంలో మూడు వారాలు, చలికాలంలో ఐదు నెలలు కూడా పట్టేదట. ఈ ఓడ వచ్చాక అది రోజుల్లోకి వచ్చింది. దానికి పెట్టిన పేరు 'హుర్టిగ్రూటెన్', అంటే వేగపు దారి. ఇప్పటికీ ఇది ప్రభుత్వ కాంట్రాక్టు మీద నడిచే సర్వీసే. రోజుకొక ఓడ బెర్గెన్ నుంచి బయల్దేరుతుంది. మొత్తం 11 ఓడలు: ఏడు హుర్టిగ్రూటెన్ పేరునే పెట్టుకున్న కంపెనీవి, నాలుగు హవిలా అనే కంపెనీవి. పైఅంతస్తులో సూట్‌లనే పెద్ద గదులు, వేడినీళ్ల తొట్టి, మూడు కోర్సుల భోజనం ఉంటాయి. కింది అంతస్తులో చేపల పెట్టెలు, ఫ్రిజ్‌లు, పక్క ఊరికి పోయే స్కూలు పిల్లలు ఉంటారు. అందుకే ఓడ ఎవరి కోసమూ ఆగదు. కొన్ని రేవుల్లో ఆగేది 15 నిమిషాలే, అదీ రాత్రి రెండు గంటలకు. ఈ ప్రయాణంలో ప్రతి నిర్ణయమూ, గది ఎంపిక, మందుబిళ్ల, నిద్ర, కెమెరా అన్నీ, టైమ్‌టేబుల్ చూసే తీసుకోవాలి. కంపెనీ ఇచ్చే రంగుల పుస్తకంలో ఆ గంటలు కనిపించవు. వాళ్ల వెబ్‌సైట్‌లో రేవువారీ పట్టిక దొరుకుతుంది, ముందు దాన్ని ప్రింట్ తీసుకోండి.

ఏ నెల, ఏ దిక్కు

జూన్ నుంచి ఆగస్టు వరకు ఓడ గైరాంగర్ ఫ్యోర్డ్‌లోకి, అంటే నిటారు కొండల మధ్య లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి, వెళ్తుంది. యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చోటు అది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో దాని బదులు యోరుండ్ ఫ్యోర్డ్. మే మధ్య నుంచి జులై చివరి వరకు ఉత్తరపు కొసన సూర్యుడు అసలు అస్తమించడు. పచ్చదనం, జలపాతాలు కావాలంటే ఆ నెలలే. కానీ అరోరా, అదే ఉత్తర ధ్రువ కాంతులు, ఆ వెలుతురులో కనపడే ప్రశ్నే లేదు. దానికి సెప్టెంబర్ చివరి నుంచి మార్చి చివరి దాకా రావాలి. డిసెంబర్‌లో ట్రోమ్సో దగ్గర సూర్యుడే రాడు, నాలుగైదు గంటల నీలిమసక తప్ప తీరం కనిపించదు.

మార్చికి మా ఓటు అందుకే. పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. పగలంతా మంచు కొండలు, రాత్రంతా ఆకాశం. లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపల వేట జోరుగా సాగేదీ, చెక్క దడుల మీద చేపలు ఎండబెట్టేదీ ఈ నెలల్లోనే. ఒక చిన్న చిక్కుంది. మార్చి ఆఖరి ఆదివారం నార్వేలో గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు. అప్పటిదాకా మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా, ఆ తర్వాత మూడున్నర. ఫోన్ దానంతటదే మారుతుంది కానీ చేతి గడియారం మారదు. ఆ రోజు రేవులో దిగి చేతి గడియారాన్ని నమ్ముకున్నవాళ్లకు ఓడ దక్కదు.

ఒకవైపే వెళ్దాం అనుకునేవాళ్లు చాలామంది ఉత్తరం వైపే బుక్ చేస్తారు. బెర్గెన్ నుంచి కిర్కెనెస్‌కు ఆరు రాత్రులు, అక్కడి నుంచి విమానంలో ఓస్లో. యూరప్ ఉత్తరపు కొసన ఉన్న నార్త్ కేప్ కొండ అంచుకు వెళ్లొచ్చేంతసేపు ఓడ ఆగేది ఈ దిక్కులోనే. అయితే పోయేటప్పుడు రాత్రి దాటిన చోట్లను వచ్చేటప్పుడు పగలు దాటేలా పట్టిక వేశారు. వెస్టెరాలెన్ దీవులు, సన్నని రాఫ్ట్‌సుండ్ జలసంధి, ఏడుగురు అక్కచెల్లెళ్ల కొండలు దక్షిణం వైపు వచ్చేటప్పుడే పగటి వెలుతుర్లో దొరుకుతాయి. సెలవు దొరికితే రెండు వైపులా వెళ్లండి. దొరక్కపోతే, కొండలే ముఖ్యం అనుకునేవాళ్లకు దక్షిణపు సగమే మేలని నా అభిప్రాయం. ఐదు రాత్రుల్లో అయిపోతుంది, ధర కూడా చాలాసార్లు తక్కువ ఉంటుంది.

గది: ఖరీదైనదే ఎక్కువ ఊగుతుంది

సూట్‌లు ఎక్కువగా పైఅంతస్తుల్లో, ఓడ వెనక భాగంలోనో ముందు భాగంలోనో ఉంటాయి. పిల్లల పార్కులో సీసా బల్ల చూడండి, మధ్యలో కూర్చుంటే కదలిక తెలియదు, కొసన కూర్చుంటే గాల్లోకి లేస్తాం. ఓడా అంతే. పక్కకు ఒరిగేటప్పుడు ఎత్తున ఉన్న గది ఎక్కువ దూరం కదులుతుంది. ముందూ వెనకా లేచేటప్పుడు కొసలు ఎక్కువ లేస్తాయి. వెనక భాగంలో ఇంజిన్ అదురు కూడా కలుస్తుంది. కడుపు తిప్పే స్వభావం ఉంటే ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో, కిటికీ ఉన్న మామూలు గదే హాయి. మరీ ముందు భాగంలో కింద ఉండే గదులు చవకే గానీ, రేవులో ఓడను పక్కకు జరిపే థ్రస్టర్ల చప్పుడు రాత్రికి నాలుగైదుసార్లు లేపుతుంది.

మేం సూట్ తీసుకున్నాం. సోఫా, కాఫీ మెషిన్, గోడంత కిటికీ, వేడెక్కే బాత్రూమ్ నేల నిజంగానే సుఖంగా ఉన్నాయి. బాల్కనీకి పెట్టిన డబ్బు మాత్రం మార్చిలో వృథా. పది నిమిషాలకు మించి అక్కడ నిలబడలేం, పైగా ఒకవైపే కనిపిస్తుంది. చలికాలానికి పెద్ద కిటికీ చాలు, బాల్కనీ ఎండాకాలానికి ఉంచుకోండి. బుక్ చేసేటప్పుడు అంతస్తుల పటంలో లైఫ్‌బోట్‌లు ఎక్కడ వేలాడుతున్నాయో చూసుకోవాలి. 'పరిమిత దృశ్యం' అని రాసి ఉంటే కిటికీకి అడ్డంగా నారింజ రంగు పడవ ఉంటుందని అర్థం. పోయేటప్పుడు ప్రధాన భూభాగం కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు వస్తుంది. రెండు వైపులా దీవులున్న తీరం కాబట్టి ఏ వైపు గదైనా మరీ నష్టం లేదు.

చాలా గదుల్లో పెట్టెలు మంచం కిందికి తోయాలి. నిలువెత్తు గట్టి సూట్‌కేస్ కన్నా గుడ్డ సంచులే నయం. బట్టలు ఉతుక్కునే మెషిన్ ఓడలో ఉంటుంది, అందువల్ల ఆరు రోజుల బట్టలు 12 రోజులకు సరిపోతాయి.

వీసా

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, కానీ ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఉంది. రాత్రులు ఎక్కువ గడిపే దేశానికే దరఖాస్తు పెట్టాలి కాబట్టి దారిలో పారిస్‌లో రెండు రోజులు ఆగినా వీసా నార్వేదే. ముందు నార్వే ఇమిగ్రేషన్ శాఖ, యూడీఐ, పోర్టల్‌లో ఫారం నింపి ఫీజు కట్టాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. ఆ తర్వాత వీఎఫ్‌ఎస్ అపాయింట్‌మెంట్, వేలిముద్రలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

కాగితాల్లో తేడా వచ్చే చోట్లు నాలుగే. ఒకటి, ఓడ బుకింగ్ కాగితం మీద బుక్ చేసినవారి పేరొక్కటే ఉండి మిగతావాళ్లు 'అతిథి 2' అని ఉండటం. అందరి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండే కాగితం అడిగి తెప్పించుకోవాలి. ఇంటిపేరు ముందో వెనకో అన్న మన తెలుగువాళ్ల గొడవ ఇక్కడే తగులుతుంది. రెండు, బీమా. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు, బయల్దేరిన రోజు నుంచి తిరిగి దిగే రోజు దాకా ఉండాలి. ఓడ ఎక్కే తేదీ నుంచి తీసుకుంటే ముందు రోజు ఖాళీ పడుతుంది. మూడు, పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా గడువుండాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి. నాలుగు, బ్యాంకు ఖాతా. రోజుకు తలా 500 క్రోనర్లు లెక్కన చూస్తారు. ముందే డబ్బు కట్టేసిన ఓడ రసీదు జతచేస్తే బలం. దరఖాస్తుకు నాలుగు రోజుల ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేస్తే అదే అనుమానం తెస్తుంది.

బీమా విషయంలో ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. రోజుకు ఐదారు ఊళ్లలో ఆగుతుంది కాబట్టి ఈ తీరపు ఓడల్లో డాక్టర్ ఉండరు. అవసరమైతే తర్వాతి రేవులో దించుతారు, మరీ అత్యవసరమైతే హెలికాప్టర్. రోగిని తరలించే ఖర్చు పాలసీలో ఉందో లేదో చదవండి. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో కూడా. రోజువారీ మందులు చేతి సంచిలోనే, చీటీతో సహా, వారం అదనంగా పెట్టుకోండి.

బట్టలు, తిండి

గాలి అసలు లేని రోజు కూడా ఓడ నడకే గాలి. 15 నాట్‌ల వేగమంటే గంటకు 28 కిలోమీటర్లు. మైనస్ 5 డిగ్రీల్లో డెక్ మీద నిలబడితే ముఖానికి తెలిసేది మైనస్ 13. లోపల గదులు వెచ్చగా ఉంటాయి, కాబట్టి ఒక్క బరువైన కోటు కన్నా తీసి వేసుకోగలిగే మూడు పొరలు కావాలి. ఒంటికి ఆనుకుని ఉన్ని బనియన్, దాని మీద ఫ్లీస్, పైన గాలీ నీళ్లూ దూరని జాకెట్. నూలు బనియన్ వద్దు, చెమట పట్టుకుని కూర్చుంటుంది, డెక్ మీదికి రాగానే ఐసు గుడ్డ చుట్టినట్టు ఉంటుంది. కాలి వేళ్లు కదిలేంత వదులుగా బూట్లుండాలి. రెండు జతల సాక్సులు బిగించి తొడిగితే చలి ఇంకా ఎక్కువవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనవి బూట్ల అడుగున రబ్బరుతో తగిలించుకునే ఇనుప ముళ్లు. నార్వే వాళ్లు బ్రొద్దర్ అంటారు, బెర్గెన్‌లోనూ ట్రోమ్సోలోనూ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. మార్చిలో పగలు కరిగిన మంచు రాత్రికి గాజు పలకలా గడ్డకడుతుంది. ఈ ప్రయాణంలో పెద్దవాళ్లకు అసలైన ప్రమాదం సముద్రం కాదు, రేవు బయట కాలిబాట. లోపలికి వచ్చేటప్పుడు వాటిని విప్పడం మరవకండి, నున్నటి నేల మీద అవే జారుస్తాయి.

తిండి. రానూపోనూ టికెట్టులో మూడు పూటల భోజనం కలిసే ఉంటుంది. మద్యానికి విడిగా కట్టాలి, చాలా ఓడల్లో భోజనవేళ తప్ప కాఫీకి కూడా. శాకాహారులు బుకింగ్‌లోనే రాయించి, బయల్దేరే ముందు మెయిల్ పెట్టి, ఎక్కగానే భోజనశాల మేనేజర్‌తో మూడోసారి చెప్పాలి. మూడుసార్లెందుకంటే, వంటకు సరుకు దారిలోని ఊళ్ల నుంచే రేవు రేవుకూ ఎక్కుతుంది. ముందు తెలియకపోతే ఆ రాత్రి మీకు ఉడికించిన బంగాళాదుంపలే. సూపుల్లో చేపల రసం ఉంటుంది, అడిగి తెలుసుకున్నాకే పోయించుకోండి. మన నాలుకకు వాళ్ల వంట చప్పగా ఉంటుంది, మూడో రోజుకే కారం గుర్తొస్తుంది. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్లొచ్చు, రెండు కవర్లలో గట్టిగా కట్టాలి. యూరప్ బయటి నుంచి మాంసం, పాలు, పాలతో చేసినవి నార్వేలోకి తేకూడదు, కాబట్టి నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. ఎలక్ట్రిక్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ లాంటివి గదిలో వాడనివ్వరు, అగ్ని ప్రమాదం కింద తీసి పక్కన పెడతారు. వేడి నీళ్లు కెఫేలో అడిగితే ఇస్తారు, ఉప్మా పొడికి అవి చాలు.

మాంసాహారులు వదలకూడనిది స్క్రై. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి లోఫోటెన్‌కు గుడ్లు పెట్టడానికి వచ్చే కాడ్ చేప అది. తెల్లగా, రేకులు రేకులుగా విడిపోతుంది.

ఎక్కే రోజు

హైదరాబాద్ నుంచి బెర్గెన్‌కు నేరు విమానం లేదు, ఒకటో రెండో మార్పులు తప్పవు. ఓడ రాత్రి 8:30కి బయల్దేరుతుంది కదా అని అదే రోజు మధ్యాహ్నం దిగేలా టికెట్టు తీసుకోవద్దు. షెంగెన్‌లో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త ప్రవేశ నమోదు పద్ధతిలో ఫొటో తీసుకుంటారు, వరుస నిదానంగా కదులుతుంది. మార్పుకు మూడు గంటలు పెట్టుకోండి, బెర్గెన్‌కు ఒక రోజు ముందు చేరండి. పెట్టె ఆలస్యమైనా ఆ ఒక్క రోజులో అందుతుంది. ఓడెక్కాక ఆలస్యమైతే అది రోజుకో రేవు వెనకాల తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఉన్ని బట్టలు, మందులు, ఒక జత లోబట్టలు చేతి సంచిలో ఉండాలి.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి బీబానెన్ ట్రామ్‌లో 45 నిమిషాలు. అన్నిచోట్లా కార్డే నడుస్తుంది, నోట్లు మార్చుకోనక్కర్లేదు. టెర్మినల్‌లో పెట్టెలు మధ్యాహ్నం నుంచే తీసుకుంటారు, గదులు సాయంత్రం ఇస్తారు. భద్రత గురించి చెప్పేది చూడకుండా ఎక్కనివ్వరు. మీకిచ్చే కార్డే గది తాళం, ఖాతా, హాజరు పట్టీ కూడా. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ దాన్ని గీకాలి. ఎవరు బయట ఉన్నారో వాళ్లకు తెలుస్తుంది, కానీ తెలిసినా ఆగరు. తప్పిపోతే తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో చేరాలి. ప్రతి రేవులోనూ బయల్దేరే సమయం మెట్ల దగ్గర రాసి ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని దిగడం మా అలవాటు అయిపోయింది. ప్లగ్ యూరప్ రెండు గుండ్రటి కాళ్లది, కరెంటు మనలాగే 230 వోల్టులు.

సముద్రం ఎక్కడ కుదుపుతుంది

తీరమంతా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది గానీ దారి చాలావరకు దీవుల చాటునే సాగుతుంది. వేల దీవులు గోడకట్టినట్టు అట్లాంటిక్ అలలను ఆపుతాయి. ఆ గోడ తెగిన చోట్లే చిక్కు. అవి ఎన్నో లేవు, వేళలూ ముందే తెలుసు.

మొదటిది స్టాడ్ అగ్రం, రెండో రోజు తెల్లవారుజామున మోలోయ్ దాటాక. రెండు సముద్రాల గాలులు మూల తిరిగే చోటు, వైకింగుల కాలం నుంచీ పేరుపడ్డ గండం. రెండోది హుస్టాద్‌వికా, అదే రాత్రి మోల్దె, క్రిస్టియాన్‌సుండ్ ఊళ్ల మధ్య. లోతు తక్కువ, రాళ్లెక్కువ. 2019 మార్చిలో 'వైకింగ్ స్కై' అనే పెద్ద క్రూయిజ్ ఓడ తుఫానులో ఇంజిన్లు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుంది. 1,373 మందిలో 479 మందిని హెలికాప్టర్లు ఒక్కొక్కరినీ ఎత్తాయి. ఇంజిన్ నూనె తొట్లలో మట్టం తక్కువ ఉండటం, ఓడ ఊగుడుకు నూనె అందకపోవడం కారణమని విచారణలో తేలింది. మూడోది ఫోల్డా, మూడో రోజు సాయంత్రం రోర్విక్ ముందు. నాలుగోది వెస్ట్‌ఫ్యోర్డ్, నాలుగో రోజు మధ్యాహ్నం బూడో నుంచి లోఫోటెన్‌కు నాలుగు గంటలు. ఐదో రాత్రి లోప్‌హావెట్. ఆరో రోజు హోనింగ్స్‌వోగ్ దాటాక కిర్కెనెస్ దాకా బారెంట్స్ సముద్రం.

బిళ్ల వేసుకోవాల్సింది ఈ పట్టిక చూసే. వాంతి మొదలయ్యాక మింగితే కడుపు దాన్ని నిలపదు. మన దగ్గర దొరికే సిన్నరిజిన్, ప్రొమెథజిన్ రకాలు కుదుపుకు గంటో రెండు గంటలో ముందు పడాలి, రెండూ మగత తెస్తాయి. ఏది, ఎంత అన్నది, ముఖ్యంగా పెద్దవాళ్లకు, బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగి రాయించుకోండి. ఖాళీ కడుపు పనికిరాదు, పొడి బిస్కెట్లు, అల్లం తినండి. ఓడ మధ్యలో కూర్చుని దిగంతాన్ని చూడాలి, ఫోన్ చూడకూడదు. వెస్ట్‌ఫ్యోర్డ్ రోజు మధ్యాహ్నం భోజనం తేలిగ్గా ముగించినవాళ్లే సాయంత్రం ఎదురుగా లేచే లోఫోటెన్ గోడను నిలబడి చూడగలిగారు. సముద్రంలోంచి నిటారుగా కొండలు, నడుమ సందే లేనట్టు. దాన్ని మంచంలో పడుకుని పోగొట్టుకుంటే ఈ ప్రయాణంలో అంతకు మించిన నష్టం లేదు.

పోయేటప్పుడు

మార్చిలో ఫ్యోర్డ్‌లోకి వెళ్లరు కాబట్టి రెండో రోజు ఓలెసుండ్‌లో చాలాసేపు ఆగుతుంది. 1904 జనవరి 23న ఊరు తగలబడిపోయింది. తర్వాత మూడేళ్లలో రాతితో, ఇటుకతో, పూలతీగల వంపుల అలంకారం ఉండే ఆనాటి ఆర్ట్ నూవో పద్ధతిలో కట్టుకున్నారు. కొండమీది ఫ్యెల్‌స్తూవాకు 418 మెట్లు. మంచు ఉంటే మెట్లెక్కొద్దు, బస్సులో వెళ్లండి. మూడో రోజు ట్రోండ్‌హైమ్‌లో మూడు గంటలు, నిదరోస్ కేథడ్రల్ చూసి రావడానికి సరిపోతాయి. రేవు నుంచి నడక అరగంట.

నాలుగో రోజు ఉదయం ఏడు ప్రాంతాల ఓడ ఆర్కిటిక్ వృత్తాన్ని, 66 డిగ్రీల 33 నిమిషాలను, దాటుతుంది. వైకింగెన్ అనే చిన్న దీవి మీద ఇనుప గోళం కనిపిస్తుంది, మైకులో చెప్పాక రెండు నిమిషాలే వ్యవధి. తర్వాత డెక్ మీద సముద్ర దేవుడి వేషంలో ఒకరు వచ్చి మెడ వెనక గరిటెడు ఐసుముక్కలు పోస్తారు. వచ్చేటప్పుడు కాడ్ లివర్ నూనె చెంచాడు మింగిస్తారు. శాకాహారులు వద్దంటే ఎవరూ బలవంతపెట్టరు.

ఆ రాత్రి స్వోల్వేర్‌లో గంటలోపే ఆగుతుంది, కానీ దిగాల్సిందే. రేవుకు దగ్గర్లోనే చేపల దడులు. మన కోస్తాలో ఉప్పు రాసి ఎండలో ఇసుక మీద పరిచే ఎండుచేపలకూ వీటికీ పద్ధతిలో పోలిక లేదు. ఇక్కడ ఉప్పే వేయరు. తల తీసి, జతగా తోకలు కట్టి, ఫిబ్రవరి నుంచి కర్రల మీద వేలాడేస్తారు. సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఉండే చల్లగాలి నీటిని లాగేస్తుంది. మరీ చలైతే కండ గడ్డకట్టి చెడిపోతుంది, వెచ్చనైతే ఈగలు వాలతాయి. లోఫోటెన్‌లో ఈ నెలలు సరిగ్గా ఆ రెంటికీ నడుమ ఉంటాయి. వాసన మాత్రం భీమిలి ఒడ్డును గుర్తుకు తెచ్చింది.

ఐదో రోజు ట్రోమ్సోలో నాలుగు గంటలు. ఆరో రోజు హోనింగ్స్‌వోగ్‌లో దిగి నార్త్ కేప్‌కు బస్సు, 34 కిలోమీటర్లు. 307 మీటర్ల కొండ అంచు, 71 డిగ్రీల 10 నిమిషాల ఉత్తర అక్షాంశం. చలికాలంలో చివరి భాగంలో సొంతంగా వెళ్లనివ్వరు, మంచు తోసే బండి వెనకాల వాహనాలన్నీ వరుసగా కదలాలి. గాలి ఎక్కువైతే దారి మూసేస్తారు, డబ్బు వాపసిస్తారు. ఈ ఒక్క టూరు మాత్రం ముందుగానే బుక్ చేయండి, సీట్లు తొందరగా నిండుతాయి. మిగతావి ఓడలో వాతావరణం చూసుకుని తీసుకోవచ్చు.

అరోరా కోసం

ట్రోమ్సో చుట్టుపక్కల మనం కాంతి వలయం కిందే ఉంటాం. అరోరా ఎంత బలంగా రావచ్చో తెలిపేందుకు యాప్‌లు చూపించే కేపీ అంకె 2 ఉన్నా చాలు. అడ్డొచ్చేది మబ్బు. కాబట్టి అంకె కన్నా మబ్బుల పటం చూడండి. ఓడ కదులుతూ ఉంటుంది కదా, గంటలో మబ్బు దాటిపోవచ్చు. గది ఫోన్‌లోనో స్పీకర్‌లోనో అరోరా పిలుపు పెట్టుకునే వీలుంటుంది, పడుకునే ముందు అడిగి పెట్టించుకోండి. పిలుపు వచ్చాక బట్టలు వేసుకునేలోపే వెలుగు తగ్గుతుంది, అందుకే ఉన్ని బట్టలతోనే పడుకోవడం, జాకెట్ తలుపుకు తగిలించడం మంచిది.

కంటికి చాలాసార్లు బూడిద రంగు పొగలా మొదలవుతుంది, కెమెరాలోనే పచ్చగా కనిపిస్తుంది. నిజంగా బలంగా వచ్చిన రాత్రి అనుమానమే ఉండదు, పచ్చటి తెర ఊగుతుంది. ఫోకస్‌ను దూరానికి చేత్తో పెట్టి, ఎపర్చర్ 2.8 లేదా అంతకన్నా తెరిచి, ఐఎస్ఓ 1600 నుంచి 3200, సమయం రెండు మూడు సెకన్లు. నేల మీద తీసేవాళ్లు చెప్పే 15 సెకన్లు ఇక్కడ పనికిరాదు. ఓడే కదులుతుంటే చుక్కలన్నీ గీతలవుతాయి. ట్రైపాడ్ ఇంజిన్ అదురును నేరుగా కెమెరాకే అందిస్తుంది, ఒంటిని గోడకు ఆనించి చేత్తో పట్టుకోవడమే మేలు. బ్యాటరీ చలికి సగంలోనే ఆగుతుంది, రెండోది లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచండి.

కిర్కెనెస్, తిరుగు దారి

ఏడో రోజు ఉదయం కిర్కెనెస్. స్థానికుల నోట 'షిర్కెనెస్' అని వినిపిస్తుంది. వీధి పేర్లు నార్వీజియన్‌తో పాటు రష్యన్‌లోనూ రాసి ఉంటాయి. మూడున్నర గంటల్లో ఓడ మళ్లీ తిరుగుతుంది. అదే సాయంత్రం ఆగే వార్డో ఇస్తాంబుల్ కన్నా తూర్పున ఉందంటే, ఈ దేశం ఎంతగా ఒంపు తిరిగిందో తెలుస్తుంది.

ఎనిమిదో రోజు హామర్‌ఫెస్ట్‌లో దిగి, ఖగోళ శాస్త్రవేత్త స్ట్రూవె పేరిట చెప్పే కొలత గీతకు గుర్తుగా నిలిపిన స్తంభం దాకా నడవండి. భూమి ఆకారం తేల్చడానికి 1816 నుంచి 1855 వరకు ఇక్కడి నుంచి నల్లసముద్రం దాకా 2,820 కిలోమీటర్లు త్రిభుజాలతో కొలిచారు. ఇంచుమించు అదే కాలంలో మన దేశంలో బ్రిటిష్ సర్వేయర్లు లాంబ్టన్, ఆయన తర్వాత ఎవరెస్ట్, దక్షిణపు కొస నుంచి హైదరాబాద్ రాజ్యం మీదుగా హిమాలయాల దాకా ఇలాంటి గీతనే కొలిచారు. భూమి ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుపోయిందో తేల్చడానికి ఇలా వేర్వేరు అక్షాంశాల్లో తీసిన కొలతలు పక్కపక్కన పెట్టాల్సిందే. ఈ స్తంభం దగ్గర ఎక్కువసేపు నిలబడింది అందుకే.

తొమ్మిదో రోజు మొత్తం డెక్ మీదే గడపండి. హార్‌స్టాడ్ దాటాక రిసోయ్ కాలువ, ఓడలకోసం తవ్వి లోతు చేసిన సన్నని దారి, అడుగున ఇసుక కనపడేంత లోతే. స్టోక్‌మార్క్‌నెస్‌లో ఈ సర్వీసు మ్యూజియం, పాత ఓడ 'ఫిన్‌మార్కెన్'ను ఎత్తి నేల మీద పెట్టి చుట్టూ గాజు భవనం కట్టారు. ఆ తర్వాత రాఫ్ట్‌సుండ్. కొండలు రెండు వైపులా చేతికందేలా వస్తాయి. పక్కనే ట్రోల్‌ఫ్యోర్డ్, దాని నోరు వంద మీటర్లే. చలికాలంలో మంచు, రాళ్లు జారిపడే భయంతో లోపలికి పోరు, నోటి దగ్గర ఆగి చూపిస్తారు. లోపలికే వెళ్తుందనుకుని నిరాశపడినవాళ్లను చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

పదో రోజు ఏడుగురు అక్కచెల్లెళ్ల కొండలు, తర్వాత బ్రొన్నోయ్‌సుండ్ దగ్గర నడుమ రంధ్రమున్న టోర్‌హాటెన్. 160 మీటర్ల పొడవు సొరంగమది, అలలు తొలిచింది. ఓడ సరైన కోణంలోకి వచ్చిన కొద్ది నిమిషాలే అవతలి వెలుగు కనిపిస్తుంది. పదకొండో రోజు ట్రోండ్‌హైమ్, సాయంత్రం క్రిస్టియాన్‌సుండ్, ఆ వెంటనే మళ్లీ హుస్టాద్‌వికా. రాత్రి భోజనానికి ముందే బిళ్ల వేసుకోండి.

ఆఖరి రోజు ఉదయమే గది ఖాళీ చేయాలి, పెట్టెలు వాళ్లు చెప్పిన చోట పెట్టాలి. మందులు, పాస్‌పోర్ట్ వాటిలో పెట్టేస్తే సాయంత్రం దాకా దొరకవు. బెర్గెన్‌కు చేరేది మధ్యాహ్నం 2:45 ప్రాంతంలో. పెట్టె చేతికొచ్చి, ట్రామ్ పట్టుకుని విమానాశ్రయం చేరేసరికి నాలుగున్నర దాటుతుంది. గాలివాన ఉంటే ఓడే గంటో రెండు గంటలో ఆలస్యం. ఆ రోజు రాత్రి ఏడుకు ముందున్న విమానం ఏదీ బుక్ చేయకండి. కుదిరితే బెర్గెన్‌లోనే పడుకుని మర్నాడు బయల్దేరండి, మేం అలాగే చేశాం.